ఆ 42 డాల్టన్లు ఎక్కడివి? ఎలుక పిట్యూటరీలో ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ రూపాలు: ఒక కేస్ స్టడీ

ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అంటే చర్మం రంగు కణాల మీద పని చేసే ఒక పెప్టైడ్ హార్మోన్, అంటే ఎమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాని కోసం ఎలుక పిట్యూటరీ గ్రంథి మధ్య భాగం నుంచి తీసిన శాంపిల్‌ని, అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టినప్పుడు మూడు పీకులు స్పష్టంగా కనిపించాయి. 1622.79, 1664.80, 1706.81. పక్కపక్క పీకుల మధ్య తేడా రెండు చోట్లా 42.01 డాల్టన్లే (డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే యూనిట్). పెప్టైడ్ల మీద కొంచెం పని చేసిన వాళ్లెవరైనా వెంటనే చెప్పేస్తారు: మొదటిది డెస్‌ఎసిటైల్ ఆల్ఫా-ఎంఎస్‌హెచ్, అంటే ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు లేనిది, రెండోది అది ఒకటున్న మామూలు ఆల్ఫా-ఎంఎస్‌హెచ్, మూడోది రెండు ఎసిటైల్ గుంపులున్న రూపం. సాఫ్ట్‌వేర్ కూడా అదే చెప్పింది.

ఆ పేర్లు నిజంగా పెట్టవచ్చా లేదా అని తేల్చుకోవడానికి మేం చేసిన పని గురించే ఈ కేసు. బరువులో తేడా కనిపించినంత మాత్రాన అణువును గుర్తించినట్టు కాదు. 42 అన్నది నిజంగా ఎసిటైల్ గుంపేనా, ఉంటే ఏ ఎమైనో ఆమ్లం మీద ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా దాన్ని అక్కడ పెట్టింది గ్రంథా, మన ల్యాబ్‌లోని ఆమ్లమా? ఈ మూడో ప్రశ్నకు జవాబు లేకుండా అచ్చయ్యే పట్టికలు ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. నాకు బాధ కలిగించే విషయం అదే. ఎందుకంటే పిట్యూటరీలో ఒక ఎసిటైల్ గుంపు ఉండటం, లేకపోవడం అంటే హార్మోన్ పని చేయడం, చేయకపోవడం అన్నంత తేడా.

ఈ పెప్టైడ్ గురించి తెలియని వాళ్ల కోసం కొంత నేపథ్యం. ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌లో 13 ఎమైనో ఆమ్లాలుంటాయి: సెరిన్, టైరోసిన్, సెరిన్, మెథియోనిన్, గ్లుటామిక్ ఆమ్లం, హిస్టిడిన్, ఫినైల్ అలనిన్, ఆర్జినిన్, ట్రిప్టోఫాన్, గ్లైసిన్, లైసిన్, ప్రోలిన్, వాలిన్. పీఓఎంసీ అనే పెద్ద ప్రొటీన్ నుంచి ముందు ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించే హార్మోన్) తెగుతుంది. మధ్య భాగంలోని కణాల్లో ఆ ఏసీటీహెచ్ మళ్లీ తెగి, దాని మొదటి 13 ఎమైనో ఆమ్లాలే ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అవుతాయి. తర్వాత వెనక కొసన ఎమైడ్, ముందు కొసన ఎసిటైల్ చేరతాయి. పంది పిట్యూటరీ నుంచి తీసిన ఈ హార్మోన్ క్రమాన్ని 1957లో హారిస్, లెర్నర్ ప్రకటించారు. ఇలా ఎసిటైల్‌తో ముందు కొస మూసుకుపోయిన పెప్టైడ్ మీద ఎడ్‌మన్ పద్ధతి (ముందు కొస నుంచి ఎమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా తీసి చదివే పద్ధతి) పని చేయదు. ఆ పద్ధతికి మొదటి ఎమైనో ఆమ్లం మీద ఖాళీగా ఉన్న ఎమైన్, అంటే నైట్రోజన్ ఉన్న గుంపు, కావాలి. ఎసిటైల్ ఉంటే సీక్వెన్సర్ ఏమీ చూపించదు. శుభ్రంగా ఉన్న పెప్టైడ్ సీక్వెన్సర్‌లో ఏమీ ఇవ్వకపోతే, శాంపిల్ పాడైందని అనుకునే ముందు కొస మూసుకుందేమో చూడాలి.

కణజాలం

ఎలుకను ఎంచుకోవడానికి కారణముంది. ఎలుక పిట్యూటరీలో మధ్య భాగం బాగా విడిగా ఉంటుంది. పెద్దయిన మనిషిలో అది దాదాపు ఆనవాలుగానే మిగులుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న వేరే ప్రయోగంలోని కంట్రోల్ జంతువుల నుంచే గ్రంథులు తీసుకున్నాం. ఈ పని కోసం విడిగా ఏ జంతువునూ చంపలేదు.

ముందు భాగాన్ని, వెనకా మధ్యా కలిసి ఉండే భాగాన్ని డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద వేరు చేయాలి. ఈ రెండో భాగం బరువు దాదాపు ఒక మిల్లీగ్రాము. ముందు భాగం ముక్క కాస్త అంటుకుని వచ్చినా లెక్క మారిపోతుంది, ఎందుకంటే అక్కడి కణాల్లో ఏసీటీహెచ్ పూర్తి పొడవుతోనే నిల్వ ఉంటుంది. అందుకే ప్రతి శాంపిల్‌లోనూ పూర్తి ఏసీటీహెచ్ పీకు ఎంత ఉందో చూసి, ఎక్కువగా ఉన్నవాటిని పక్కన పెట్టాం.

ప్రాణం పోయిన క్షణం నుంచి ఎంజైములు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. పెప్టైడ్లను కోసే ఎంజైములే కాదు, ఎసిటైల్ చేర్చే ఎంజైము కూడా. అందుకని గ్రంథుల్లో సగం తీయగానే ద్రవ నైట్రోజన్‌లో వేశాం, సగం తీయగానే వేడితో ఎంజైములను ఆపేశాం. ఈ రెండు గుంపుల్లో మూడు రూపాల నిష్పత్తి ఒకేలా వస్తేనే ముందుకు వెళ్లాలని మొదటే రాసి పెట్టుకున్నాం. ఒకేలాగే వచ్చింది.

ఆమ్లంలో తీయడం

మేం వాడిన ద్రావణం పాతదే, కానీ ఇప్పటికీ దానికి సాటి రాగలది తక్కువ: 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో 5 శాతం ఫార్మిక్ ఆమ్లం, 1 శాతం టీఎఫ్‌ఏ అనే బలమైన ఆమ్లం, 1 శాతం ఉప్పు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో బెనెట్, బ్రౌన్, సోలమన్ బృందం పిట్యూటరీ పెప్టైడ్ల కోసం దీన్ని వాడింది. ఇంత గాఢమైన ఆమ్లంలో ఎంజైములు చచ్చిపోతాయి, పెద్ద ప్రొటీన్లు చాలా వరకు కింద పేరుకుంటాయి, చిన్న పెప్టైడ్లు పైన ద్రవంలో ఉండిపోతాయి. సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని సీ-18 (నీటికి దూరంగా ఉండే అణువులను పట్టుకునే పదార్థం) కాట్రిడ్జ్ మీద పోసి, కడిగి, ఎసిటోనైట్రైల్‌తో దించుకోవాలి. అంతా ఐస్ మీద, అంతా పాలీప్రొపిలీన్ గొట్టాల్లో. ఇంత తక్కువ పెప్టైడ్ గాజు గోడకు అంటుకుందంటే మళ్లీ దొరకదు.

ఈ ద్రావణాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం, ఇందులో ఎసిటిక్ ఆమ్లం లేకపోవడం. చాలా పాత ప్రోటోకాల్స్‌లో కణజాలాన్ని ఎసిటిక్ ఆమ్లంలోనే తీస్తారు. అలా తీసిన శాంపిల్‌లో ఎసిటైల్ గుంపు కనిపిస్తే, అది ఆమ్లం నుంచి వచ్చిందేమో అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. రసాయనికంగా ఆలోచిస్తే ఆ అనుమానం రెండు ఎసిటైల్ గుంపులకూ సమానంగా వర్తించదు. ఆమ్లంలో ఎమైన్లు ప్రొటాన్‌ని పట్టుకుని ఉంటాయి కాబట్టి వాటి మీద ఎసిటైల్ చేరడం కష్టం. సెరిన్, థ్రియోనిన్‌ల మీద ఆక్సిజన్ ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు మాత్రం గాఢమైన ఆమ్లంలో ఎస్టర్లుగా మారగలవు. అంటే 1664.80 మీద అనుమానం తక్కువ, 1706.81 మీద ఎక్కువ. ఫార్మిక్ ఆమ్లానికీ ఇదే స్వభావం ఉంది. వెచ్చగా ఉంచితే పెప్టైడ్‌కి 27.995 డాల్టన్ల ఫార్మైల్ గుంపు అంటుకుంటుంది. శాంపిల్‌ని ఐస్ మీద నుంచి తీయకపోవడానికి ఎంజైముల భయమొక్కటే కారణం కాదు.

సాక్షి పెప్టైడ్లు

ఈ కేసుకి గుండెకాయ ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కణజాలం ఆమ్లంలో పడిన క్షణం నుంచి మాస్ స్పెక్ట్రోమీటర్ దాకా మన చేతుల్లో పెప్టైడ్‌కి ఏం జరిగిందో తెలియాలంటే, అదే దారిలో ప్రయాణించిన ఇంకో పెప్టైడ్ కావాలి. అది అచ్చం అదే అయి ఉండాలి, కానీ బరువులో గుర్తుపట్టగలిగేలా ఉండాలి. బరువైన ఐసోటోపులతో తయారు చేయించిన రెండు పెప్టైడ్లు తెప్పించాం. మొదటిది డెస్‌ఎసిటైల్ ఆల్ఫా-ఎంఎస్‌హెచ్, అందులోని ఫినైల్ అలనిన్‌లో కార్బన్లన్నీ కార్బన్-13, నైట్రోజన్ నైట్రోజన్-15. మామూలు దానికన్నా 10.03 డాల్టన్లు ఎక్కువ, అంటే 1632.82 దగ్గర కనిపిస్తుంది. రెండోది మామూలు ఆల్ఫా-ఎంఎస్‌హెచ్, అందులో వాలిన్ బరువైనది. 6.01 డాల్టన్లు ఎక్కువ, 1670.81 దగ్గర కనిపిస్తుంది.

గ్రంథులను వేయబోయే ఆమ్లంలోనే ఈ రెంటినీ ముందుగా కలిపాం. ఇక లెక్క తేలిక. మా ఆమ్లం ఖాళీ ఎమైన్ మీద ఎసిటైల్ చేర్చగలిగితే మొదటి సాక్షికి 42.01 పెరిగి 1674.83 దగ్గర పీకు రావాలి. హైడ్రాక్సిల్ మీద చేర్చగలిగితే రెండో సాక్షి 1712.82 దగ్గర కనపడాలి. రెండు చోట్లా ఏమీ రాలేదు. అదే శాంపిల్‌లో, అదే రన్‌లో, గ్రంథి నుంచి వచ్చిన 1664.80, 1706.81 మాత్రం బలంగా ఉన్నాయి. మా ఆమ్లం ఎసిటైల్ చేర్చలేదని ఈ ఒక్క స్పెక్ట్రమ్ చెప్పినంత గట్టిగా ఎన్ని పేజీల వాదనా చెప్పలేదు.

ఒక ఆక్సిజన్ చేరితే వచ్చే 16 డాల్టన్ల తేడా కూడా ఒకటి కనిపించింది, దాని సంగతి వేరేలా తేలింది. 1680.80 దగ్గర చిన్న పీకు ఒకటి వచ్చింది. మెథియోనిన్ ఆక్సీకరణ చెందితే సరిగ్గా అక్కడే వస్తుంది. విడగొట్టి చూస్తే 64 డాల్టన్లు కోల్పోయింది, మెథియోనిన్ సల్ఫాక్సైడ్ అలవాటు అదే. కానీ సాక్షులు రెండూ దాదాపు అంతే నిష్పత్తిలో ఆక్సీకరణ చెందాయి. కాబట్టి ఆ పీకు గ్రంథిది కాదు, మాది. దాన్ని గ్రంథిలోని సహజ రూపాల జాబితాలో చేర్చలేదు.

ఈ సాక్షులు చెప్పలేనిదీ ఒకటుంది. అవి ఆమ్లంలో కలిసినవి, కాబట్టి ఆమ్లంలో జరిగే రసాయన చర్యలకే సాక్ష్యం చెబుతాయి. ఆమ్లంలో పడకముందు, గ్రంథి లోపల ఎంజైము చేసిన పని వాటికి తెలియదు. వేడితో ఆపిన గుంపును విడిగా పెట్టుకున్నది ఆ ఖాళీని పూడ్చడానికే.

వేరు చేయడం

సీ-18 కాలమ్, టీఎఫ్‌ఏ ఉన్న నీరు-ఎసిటోనైట్రైల్ గ్రేడియెంట్. ముందు డెస్‌ఎసిటైల్, తర్వాత ఎసిటైల్ ఒకటున్నది, చివర రెండున్నది వచ్చాయి. ఎసిటైల్ చేరేకొద్దీ పెప్టైడ్ నీటికి దూరమై, కాలమ్‌ని ఎక్కువగా అంటిపెట్టుకుంటుంది కనుక ఈ వరస ఊహించిందే.

అక్కడితో ఆపలేదు. టీఎఫ్‌ఏ బదులు హెచ్‌ఎఫ్‌బీఏ అనే ఇంకో ఆమ్లం వేసి మళ్లీ అదే కాలమ్ మీద నడిపాం. ఈ ఆమ్లం పెప్టైడ్ మీది ధనావేశాలతో గట్టిగా జతకడుతుంది కాబట్టి, ఆవేశాలు ఎక్కువున్న పెప్టైడ్ మరింత ఆలస్యంగా దిగుతుంది. డెస్‌ఎసిటైల్ రూపంలో ముందు కొస, హిస్టిడిన్, ఆర్జినిన్, లైసిన్ కలిపి నాలుగు ధనావేశాలు. ముందు కొస మూసుకున్న రెండు రూపాల్లోనూ మూడే. కాబట్టి మొదటిది ఎక్కువ దూరం జరగాలి, మిగతా రెండూ దాదాపు కలిసే జరగాలి. అలాగే జరిగాయి. అంటే రెండో ఎసిటైల్ గుంపు ఆవేశాన్ని తగ్గించలేదు. అది లైసిన్ మీద కూర్చోలేదని మాస్ స్పెక్ట్రోమీటర్ దాకా వెళ్లకముందే దీనితో మాకు సూచన దొరికింది.

42 అంటే ఏమిటి, ఎక్కడుంది

42 అనగానే ఎసిటైల్ అనుకోకూడదు. మూడు మిథైల్ గుంపులు చేరినా 42 దగ్గరికే వస్తుంది. ఎసిటైల్ అయితే 42.0106, ట్రైమిథైల్ అయితే 42.0470. తేడా 0.0364. ఈ బరువు దగ్గర అది పది లక్షల్లో 21 వంతులు. ఇప్పటి ఆర్బిట్రాప్ రకం మాస్ స్పెక్ట్రోమీటర్లకు ఇది పెద్ద పని కాదు, కానీ ఆ రోజు క్యాలిబ్రేషన్ సరిగా ఉందని చూపించాలి. శాంపిల్‌లోనే ఉన్న సాక్షుల బరువులు కచ్చితంగా తెలుసు కాబట్టి మాకు ఆ పనీ వాటితోనే జరిగిపోయింది. కొలత ఎసిటైల్ వైపే నిలిచింది.

ఇక చోటు. పెప్టైడ్‌ని విడగొట్టినప్పుడు ముందు కొస నుంచి వచ్చే రెండు ఎమైనో ఆమ్లాల ముక్క, అంటే బీ2, డెస్‌ఎసిటైల్‌లో 251.10, ఒక ఎసిటైల్ ఉన్నదానిలో 293.11, రెండున్నదానిలో 335.12. మూడో స్థానం నుంచి వెనకవైపు ముక్కలు మూడింటిలోనూ ఒకటే. కాబట్టి రెండు ఎసిటైల్ గుంపులూ మొదటి రెండు స్థానాల్లోనే ఉన్నాయి. మూడో స్థానంలోని సెరిన్ లెక్కలోంచి పోయింది, లైసిన్ కూడా పోయింది.

మొదటి స్థానంలో సెరిన్, రెండో స్థానంలో టైరోసిన్. రెండింటికీ హైడ్రాక్సిల్ ఉంది. బీ2 ఒక్కటే చూస్తే ఇక్కడ తేలదు. టైరోసిన్ ఒక్కదాని నుంచే వచ్చే చిన్న ముక్క, అంటే ఇమ్మోనియం అయాన్, 136.08 దగ్గర వస్తుంది, దాని మీద ఎసిటైల్ ఉంటే 178.09కి వెళ్తుంది. మాకు 136.08 మాత్రమే వచ్చింది. దానికి తోడు బీ2 నుంచి 60.02 డాల్టన్లు, అంటే ఎసిటిక్ ఆమ్లం, విడిపోయిన ముక్క కనిపించింది. హైడ్రాక్సిల్ మీద ఎసిటైల్ ఉన్న సెరిన్ చేసే పని అది. కాబట్టి రెండో ఎసిటైల్ కూడా మొదటి సెరిన్ మీదే ఉంది: ఒకటి నైట్రోజన్ మీద, ఒకటి ఆక్సిజన్ మీద. ఈ ఎన్,ఓ-డైఎసిటైల్ సెరిన్ రూపాన్ని సహజ హార్మోన్‌గా 1979లో రడ్‌మన్ బృందం వర్ణించింది. వాళ్లకు అప్పట్లో ఇలాంటి పరికరాలు లేవు. వాళ్ల ఓర్పును నేను తలచుకోని రోజు ఉండదు.

రసాయన పరీక్ష కూడా ఒకటి పెట్టాం. ఆక్సిజన్ మీది ఎసిటైల్ ఒక ఎస్టర్. ఆమ్లంలో నిలుస్తుంది, క్షారంలో తెగిపోతుంది. నైట్రోజన్ మీది ఎసిటైల్ మామూలు క్షారానికి చలించదు. 1706.81 ఫ్రాక్షన్‌ని క్షారంలో ఉంచితే అది తగ్గి 1664.80 పెరిగింది, అక్కడితో ఆగింది. 1622.79 రాలేదు.

ఈ పరీక్షలోనే ఒక హెచ్చరిక ఉంది. ప్రొటీన్ల ల్యాబుల్లో అలవాటుగా చేసేది శాంపిల్‌లో ట్రిప్సిన్ వేసి, అమ్మోనియం బైకార్బనేట్‌లో, పీహెచ్ 8 దగ్గర, 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచడం. ఆక్సిజన్ మీది ఎసిటైల్‌కి అంతకన్నా ప్రమాదకరమైన చోటు లేదు. గ్రంథిలో ఉన్న రూపం తెల్లారేసరికి ట్యూబ్‌లో తగ్గిపోయి, మామూలు ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరూ తప్పు చేయకుండానే లెక్క తప్పుతుంది. 13 ఎమైనో ఆమ్లాల పెప్టైడ్‌ని కోయాల్సిన అవసరమే లేదు, పూర్తిగానే చదవవచ్చు. కోయక తప్పని పెద్ద పెప్టైడ్ అయితే ఆమ్లంలో పనిచేసే పెప్సిన్ వాడటం మేలు.

వెనక కొస

అందరి కళ్లూ ముందు కొస మీదే ఉంటాయి కానీ, వెనక కొసన ఎమైడ్ ఉందని నిరూపించడమే నిజానికి సున్నితమైన పని. ఎమైడ్ బదులు మామూలు ఆమ్లం కొస ఉంటే బరువు 0.984 డాల్టన్లే పెరుగుతుంది. అదే చోట ఎమైడ్ రూపంలోని కార్బన్-13 ఐసోటోపు పీకు 1.003 దగ్గర కూర్చుని ఉంటుంది. రెండింటి మధ్య దూరం 0.019 డాల్టన్లు. తక్కువ రిజల్యూషన్ ఉన్న పరికరంలో ఈ రెండూ ఒకే పీకులా కలిసిపోయి, ఆమ్లం రూపం ఉన్నా కనపడదు, లేకున్నా ఉన్నట్టు అనిపిస్తుంది.

మేం వెనక ముక్కల మీద ఆధారపడ్డాం. ప్రోలిన్ ముందు బంధం తేలిగ్గా తెగుతుంది కాబట్టి ప్రోలిన్-వాలిన్ ముక్క బలంగా వస్తుంది. ఎమైడ్ ఉంటే అది 214.16, ఆమ్లం ఉంటే 215.14. ఇంత చిన్న ముక్కలో కార్బన్-13 వాటా కూడా తక్కువే, కాబట్టి గందరగోళం ఉండదు. మూడు రూపాల్లోనూ 214.16 వచ్చింది. దీనికి తోడుగా మిథనాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఎస్టర్ చేసి చూశాం. ఖాళీ కార్బాక్సిల్ గుంపు ఒక్కోదానికి 14.02 పెరగాలి. గ్లుటామిక్ ఆమ్లం ఒక్కటే ఉంది కాబట్టి ఎమైడ్ రూపానికి ఒక్క 14, ఆమ్లం రూపానికి రెండు. ఒక్కటే పెరిగింది. ఈ పరీక్షను డైఎసిటైల్ ఫ్రాక్షన్ మీద మాత్రం చేయలేదు. మిథనాల్ ఆ ఎస్టర్ ఎసిటైల్‌ని కూడా లాగేసుకుంటుంది.

ఈ ఎమైడ్ ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టిన కథ కూడా పిట్యూటరీదే. 1982లో బ్రాడ్‌బరీ, ఫిన్నీ, స్మిత్ పిట్యూటరీ ఎంజైముతో, ఐసోటోపు గుర్తు పెట్టిన గ్లైసిన్ సాయంతో, ఎమైడ్‌లోని నైట్రోజన్ ఆ గ్లైసిన్‌దే అని చూపించారు. ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ వెనక ఏసీటీహెచ్ క్రమంలో వచ్చే తర్వాతి ఎమైనో ఆమ్లం గ్లైసినే. మరుసటి ఏడాది ఐపర్, మెయిన్స్, గ్లెంబోట్‌స్కీ ఆ చర్యకు ఆక్సిజన్, రాగి, విటమిన్ సీ కావాలని తేల్చారు. అందుకే గ్లైసిన్ ఇంకా అంటుకుని ఉన్న రూపం కోసం కూడా వెతికాం. ఎమైడ్ రూపానికి 58.01 కలిపిన చోట. చాలా చిన్న పీకు ఉంది, ముక్కలు చదివితే క్రమం సరిపోయింది. మన ఆమ్లం ఏదీ పెప్టైడ్ వెనక గ్లైసిన్ చేర్చలేదు కాబట్టి, ఇది గ్రంథిలో సగం పనిలో ఉన్న అణువే.

ఇదంతా ఎందుకు

నైట్రోజన్ మీద ఎసిటైల్ ఉంటే చర్మం రంగు కణాల మీద ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ ప్రభావం పెరుగుతుంది. అదే గ్రంథి భాగంలో, అదే పీఓఎంసీ నుంచి తెగే బీటా-ఎండార్ఫిన్‌కి అదే ఎసిటైల్ చేరితే నొప్పి తగ్గించే గుణం పోతుంది. ఎండార్ఫిన్లు పని చేసే రూపంలోనూ, చేయని రూపంలోనూ నిల్వ ఉంటాయని 1979లో స్మిత్ బృందం చూపించింది. ఒకే గుంపు చేరడం వల్ల పక్కపక్కనున్న రెండు హార్మోన్లలో ఒకటి బలపడుతోంది, ఇంకొకటి మూగబోతోంది. ఈ విషయం మొదటిసారి చదివినప్పటి ఆశ్చర్యం నాలో ఇంకా అలాగే ఉంది.

ఇక కొలతలు. యాంటీబాడీలతో హార్మోన్‌ని కొలిచే ఇమ్యునో ఎస్సే కిట్లలో చాలా యాంటీబాడీలు వెనక కొసను పట్టుకుంటాయి. అక్కడ మూడు రూపాలూ ఒకటే. కిట్ ఇచ్చే ఒక్క అంకెలో మూడూ కలిసిపోయి ఉంటాయి. పని చేసే బలం మాత్రం మూడింటికీ ఒకటి కాదు. అందుకే కిట్ అంకె ఇచ్చేటప్పుడు ఆ యాంటీబాడీ ఏ కొసను పట్టుకుంటుందో పక్కనే రాయాలని మా విద్యార్థులతో పట్టుబడతాను.

మా ఫ్రాక్షన్లలోనే ఇంకొంచెం ఆలస్యంగా దిగిన భాగంలో బీటా-ఎండార్ఫిన్ కోసం కూడా చూశాం. ముందు కొస టైరోసిన్, గ్లైసిన్, గ్లైసిన్, ఫినైల్ అలనిన్ ముక్క ఎసిటైల్ లేకపోతే 425.18, ఉంటే 467.19. రెండూ దొరికాయి. అయితే వాటికి మా దగ్గర బరువైన సాక్షి లేదు. ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ సాక్షులు మా ఆమ్లం ఎసిటైల్ చేర్చదని చూపించాయి కాబట్టి 467.19 గ్రంథిదేనని రాశాం. ఏ రూపం ఎంత ఉందన్న అంకెలు మాత్రం ఇవ్వలేదు. బరువైన బీటా-ఎండార్ఫిన్, దాని ఎసిటైల్ రూపం తయారీకి ఇచ్చాం. వచ్చే బ్యాచ్ గ్రంథులను వేయబోయే ఆమ్లంలో మొదటగా పడేవి అవే.